లెన్స్ కొనే ముందు దూరం కొలవండి: పక్షులకి ఏది, ముఖాలకి ఏది, పురుగులకి ఏది?

లెన్సుల గురించి ఒక ఎపిసోడ్ చెయ్యమని చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. ఈ వారం వచ్చిన ఒక మెసేజ్ చూశాక ఇంక ఆగలేదు. గజపతినగరం పక్క ఊరి నుంచి ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. మెసేజ్ చదువుతాను, వినండి.

"అన్నా, నా దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా ఉంది, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉంది. అమ్మ చీటీ పాడి 40 వేలు ఇస్తానంది. ఒక్కసారే ఇస్తాది, మళ్లీ అడగలేను. నాకు పక్షుల్ని తియ్యాలని ఉంది. పెళ్లిళ్లలో పోర్ట్రెయిట్లు తీసి నాలుగు డబ్బులు సంపాదించాలి. వానాకాలంలో పురుగుల ఫొటోలు తియ్యడం కూడా ఇష్టం. అన్నిటికీ పనికొచ్చే లెన్స్ ఒక్కటి చెప్పన్నా."

తమ్ముడూ, ముందే ఒక మాట. అన్నిటికీ పనికొచ్చే లెన్స్ లేదు. లక్ష పెట్టినా లేదు. అది ఎందుకు లేదో నీకు అర్థమైతే, 40 వేలు ఎలా ఖర్చు పెట్టాలో నువ్వే తేల్చుకుంటావు. ఆఖర్లో నీ లెక్క నీతోనే వేయిస్తాను. అమ్మ చీటీ డబ్బులు కాబట్టి కంగారు పడకుండా మొత్తం విను.

ఇప్పుడు అందరికీ చెప్తున్నా. లెన్స్ కొనడానికి వెళ్లినప్పుడు మనం ఏం అడుగుతాం? "ఏ కంపెనీ మంచిది? ఎంత జూమ్? బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ వస్తాదా?" ఇవన్నీ తర్వాత. మొదటి ప్రశ్న ఒకటే. నేను తియ్యబోయేది నాకు ఎంత దూరంలో ఉంటుంది? పక్షి నిన్ను ఎంత దగ్గరికి రానిస్తుంది? మనిషి ముఖం ఎంత దూరం నుంచి చూస్తే నిజంగా ఆ మనిషిలా ఉంటుంది? పురుగు మీద నీ నీడ పడకుండా ఎంత దగ్గరికి వెళ్లగలవు? మూడూ దూరం ప్రశ్నలే. మూడింటికీ జవాబులు వేరు. అందుకే లెన్సులూ వేరు.

ఎంఎం అంటే ఏంటి, చిన్న లెక్క

లెన్స్ మీద 18, 55, 250 అని అంకెలు ఉంటాయి కదా, దాన్ని ఫోకల్ లెంగ్త్ అంటారు. అంకె చిన్నదైతే ఎక్కువ చోటు ఫ్రేమ్‌లో పడుతుంది, అందులో వస్తువు చిన్నగా ఉంటుంది. అంకె పెద్దదైతే తక్కువ చోటు పడుతుంది, వస్తువు పెద్దగా ఉంటుంది. ఇది అందరికీ తెలిసిందే. కానీ ఎంత పెద్దగా? దానికి ఒక సులువైన లెక్క ఉంది, కాగితం మీద రాసుకోండి.

ఒక మీటరు ఎత్తున్నదాన్ని దేన్నైనా తీసుకోండి. లెన్స్ ఎంఎం అంకెని, మీకూ దానికీ మధ్య ఉన్న దూరంతో, అంటే మీటర్లతో, భాగించండి. సెన్సర్ మీద అది ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు పడుతుందో వచ్చేస్తుంది. మనలో ఎక్కువ మంది దగ్గర ఉన్న కెమెరాల సెన్సర్‌ని ఏపీఎస్-సీ అంటారు. కెమెరాని అడ్డంగా పట్టుకుంటే దాని ఎత్తు సుమారు 15 మిల్లీమీటర్లు. అంటే జవాబు 15 వస్తే ఆ వస్తువు ఫ్రేమ్ నిండా ఉన్నట్టు. 7 వస్తే సగం. 1 వస్తే చుక్క.

ఫోన్ సంగతి? ఫోన్ మెయిన్ కెమెరా, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 24 ఎంఎంతో సమానం. మీటరు ఎత్తున్న కొంగ 30 మీటర్ల దూరంలో ఉంటే, అడ్డంగా పట్టిన ఫోన్ ఫ్రేమ్‌లో దాని ఎత్తు ముప్పయ్యో వంతు. 3ఎక్స్ టెలిఫొటో ఉన్న ఫోన్ అయితే పదో వంతు. వేళ్లతో స్క్రీన్ సాగదీసి 30ఎక్స్ అని చూపిస్తుంది కదా, అది చాలావరకు ఉన్న ఫొటోని కత్తిరించి పెద్దది చెయ్యడమే. తగ్గిన వివరాన్ని సాఫ్ట్‌వేర్ ఊహించి గీస్తుంది. కొంగ ఈకలు ఆయిల్ పెయింటింగ్‌లా ఎందుకు వస్తున్నాయి అని అడుగుతారు చూడండి, అందుకే.

పక్షులు: దాటకూడని దూరం

మన జిల్లాల్లో పక్షుల ఫొటోలు అంటే మొదట గుర్తొచ్చేది తేలినీలాపురం. శ్రీకాకుళం జిల్లా, టెక్కలి మండలం. రైల్లో అయితే నౌపడలో దిగి వెళ్లొచ్చు. సెప్టెంబర్, అక్టోబర్ నుంచి గూడబాతులు, అంటే పెలికాన్లు, ఇంకా రంగురంగుల పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి. ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచి, వేసవి ముదిరే లోపు వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. అందరూ "సైబీరియా పక్షులు" అంటారు గానీ, ఈ రెండు రకాలూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడ ఉంటే అక్కడికి తిరుగుతూ ఉంటాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో అయితే వానాకాలంలోనే చిల్లుముక్కు కొంగలు, ఓపెన్‌బిల్ అంటారు, అవి గూళ్లు కడతాయి.

నేను మొదటిసారి తేలినీలాపురం వెళ్లినప్పుడు నా దగ్గర 55-250 లెన్స్ ఉంది. ఇందాకటి లెక్క వెయ్యండి. పెయింటెడ్ స్టార్క్ ఎత్తు దాదాపు మీటరు. 30 మీటర్ల దూరం అనుకుంటే, 250ని 30తో భాగించండి, 8 మిల్లీమీటర్లు. ఫ్రేమ్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ. చాలా మంచి ఫొటో. అదే కొంగ 60 మీటర్ల దూరంలో ఉంటే 4 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేమ్‌లో పావు వంతు. ఆ రోజు నాకు పావు వంతు చాల్లేదు. ఇన్‌స్టాలో చూసినట్టు కంట్లో మెరుపు కనిపించాలి. ఏం చేశాను? నడిచాను. ఇంకో పది అడుగులు, ఇంకో పది. గూళ్లున్న చెట్టు కిందకి దాదాపు వెళ్లిపోయాను. ఒక్కసారిగా నాలుగైదు పక్షులు లేచిపోయాయి. నేను సంబరంగా బర్స్ట్ కొట్టాను.

వెనక నుంచి ఒక పెద్దాయన గట్టిగా అరిచాడు. "ఏటి బాబూ, అలా మీదమీదకెల్తావు? అవి లెగిసిపోతే గూట్లో పిల్లలకి ఎండ కొట్టదా? నీ పొటో కోసం ఆటి పేనం తీస్తావేటి?"

నాకు మాట రాలేదు. అప్పటిదాకా ఆ విషయం నాకు తెలీదు. కొంగ పిల్లలకి పుట్టిన కొత్తలో ఎండ తట్టుకునే శక్తి ఉండదు. తల్లో తండ్రో రెక్కలు చాచి వాటికి నీడ పడతాయి. పెద్ద పక్షి లేచిపోయిందంటే గూట్లో పిల్లలకి గొడుగు పోయినట్టే. పైగా కాకులు, గద్దలు ఆ అవకాశం కోసమే చూస్తుంటాయి. ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకి ఇచ్చిన అర్థంలో పక్షుల గుడ్లు పాడు చెయ్యడమే కాదు, గూళ్లని, గుడ్లని కదిలించి ఇబ్బంది పెట్టడం కూడా ఉంది. అంటే తుపాకీ పట్టుకున్నవాడు మాత్రమే వేటగాడు కాదు.

ఆ రోజు తీసిన ఫొటోలు చూసుకుంటే అన్నీ పక్షుల వెనక భాగాలే. భయపడి పారిపోతున్న పక్షి మనకి ముఖం చూపించదు కదా. ఇంటికొచ్చి డిలీట్ చేశాను.

అందుకే వైల్డ్‌లైఫ్‌కి పెద్ద లెన్స్ కావాలంటే అర్థం ఇది. ఆ డబ్బుతో మనం కొంటున్నది దూరం. పక్షికి మనం ఉన్నామని పట్టింపు లేనంత దూరం. 600 ఎంఎం లెన్స్‌తో 60 మీటర్ల నుంచి అదే కొంగని తీస్తే 10 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేమ్‌లో మూడింట రెండు వంతులు. అది పిల్లలకి మేత పెడుతూనే ఉంటుంది, మనం తీస్తూనే ఉంటాం.

ఏయే లెన్సులు? మొదటి మెట్టు 55-250, 70-300 లాంటివి. పెద్ద పక్షులకి, జంతువులకి, జనంలో దూరంగా ఉన్నవాళ్లకి సరిపోతాయి. రెండో మెట్టు సిగ్మా, టామ్రాన్ వాళ్ల 150-600, నికాన్ 200-500, సోనీ 200-600, కెనాన్ మిర్రర్‌లెస్‌కి 100-400. ఇక్కడ బడ్జెట్ లక్ష చుట్టూ తిరుగుతుంది, కొన్ని అంతకంటే ఎక్కువ. చిన్న పక్షులు కావాలంటే ఈ మెట్టు ఎక్కక తప్పదు. చెరువు గట్టున కూర్చునే చిన్న లకుముకి పిట్ట పొడవు 16 సెంటీమీటర్లే. పది మీటర్ల దూరం నుంచి 250తో తీస్తే ఫ్రేమ్‌లో పావు వంతు. 600తో తీస్తే మూడింట రెండు వంతులకి దగ్గర.

పెద్ద లెన్స్ కొన్నాక కూడా మూడు చోట్ల దెబ్బ తింటారు, ముందే చెప్తున్నా.

ఒకటి, షట్టర్ స్పీడ్. లెన్స్ ఎంత పొడవైతే చేతి వణుకు అంత పెద్దగా కనిపిస్తుంది. 600 ఎంఎం అయితే ఏపీఎస్-సీ కెమెరాలో సెకనులో వెయ్యో వంతు పెట్టుకోండి. ఎగిరే పక్షికి 1600 నుంచి 2000వ వంతు. స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. అది మీ చేతి వణుకుని ఆపుతుంది, పక్షి రెక్కల్ని ఆపలేదు.

రెండు, బరువు. 150-600 లెన్స్ ఒక్కటే దాదాపు రెండు కిలోలు. పది నిమిషాలు ఎత్తి పట్టుకుంటే చేతులు లాగుతాయి. ట్రైపాడ్ లేకపోతే ఒక గుడ్డ సంచిలో రెండు కిలోల చోళ్లు పోసి మూతి కుట్టెయ్యండి. గోడ మీదో, కారు కిటికీ మీదో, బండి సీటు మీదో పెట్టి దాని మీద లెన్స్ ఆనించండి. పైసా ఖర్చు లేదు. పని అయ్యాక అంబలి కాసుకోవచ్చు.

మూడు, ఎండ. మధ్యాహ్నం వేడెక్కిన పొలం మీద గాలి నీళ్లలా కదులుతుంది, చూసే ఉంటారు. ఆ గాలిలోంచి తీస్తే ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఫొటో మెత్తగా వస్తుంది. లెన్స్ పాడైంది అనుకుని షాపు చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. పొద్దున్న ఆరున్నరకి వెళ్లండి, మొత్తం మారిపోతుంది.

పోర్ట్రెయిట్: ముఖం నిజంగా కనిపించే దూరం

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. పొందూరు ఖద్దరు పేరు వినే ఉంటారు. అక్కడ ఇప్పటికీ చేత్తో నూలు వడికే ఆడవాళ్లు ఉన్నారు. దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ చిన్న చిన్న పళ్లే వాళ్లకి దువ్వెన. నేను వెళ్లినప్పుడు ఒక మామ్మగారు రాట్నం ముందు కూర్చున్నారు. అడిగాను, సరే అన్నారు. ముందు ఫోన్ తీసి, ముఖం నిండుగా రావాలని బాగా దగ్గరికి పెట్టి తీసి చూపించాను. ఆవిడ చూసి నవ్వేశారు. "నా ముక్కు ఇంత ఉంటాదేటి బాబూ?"

ఆవిడ చెప్పింది నిజం. ముక్కు అంత లేదు. ఫోన్ అబద్ధం చెప్పిందా అంటే, అదీ కాదు. తప్పు దూరానిది. లెక్క చూడండి. ముక్కు కొనకి, చెవికి మధ్య లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవి 52 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి చెవులతో పోలిస్తే ముక్కు 30 శాతం ఉబ్బి కనిపిస్తుంది. అదే మీరు రెండు మీటర్లు వెనక్కి వెళ్తే 200, 212. తేడా 6 శాతమే. ముఖం ముఖంలా ఉంటుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఉండే దూరం కూడా ఇంచుమించు అంతే. అందుకే ఆ దూరం నుంచి తీస్తే "అవును, మా మామ్మే" అనిపిస్తుంది.

చాలామంది "85 ఎంఎం పెడితే ముఖం బాగా వస్తుంది" అంటారు. ముఖాన్ని మార్చేది లెన్స్ కాదు, మీరు నిలబడే చోటు. రెండు మీటర్ల దూరంలో నిలబడి కూడా ముఖం, భుజాలు ఫ్రేమ్ నిండా రావడానికి ఆ లెన్స్ సాయపడుతుంది, అంతే. కెమెరాని నిలువుగా పట్టుకుంటే రెండు మీటర్ల నుంచి ఏపీఎస్-సీలో 85 ఎంఎంకి సుమారు 55 సెంటీమీటర్లు పడుతుంది, అంటే తల, భుజాలు. 50 ఎంఎంకి 95 సెంటీమీటర్ల దాకా పడుతుంది, అంటే నడుము దాకా.

మరి 50 కొనాలా, 85 కొనాలా? ఇక్కడ నా తప్పు చెప్తాను. నేను మొదట కొన్నది 85. వీడియోల్లో అందరూ అదే చెప్పారు. ఈఎంఐలో తీసుకున్నాను. మొదటి పెళ్లి మా బంధువుల ఇంట్లోనే. పెళ్లికూతుర్ని తయారు చేస్తున్న గది పది అడుగులు కూడా లేదు. అందులో మంచం, బీరువా, ఆరుగురు ఆడవాళ్లు. నేను గోడకి ఆనుకుని నిలబడితే ఫ్రేమ్‌లో పెళ్లికూతురి ముఖం ఒక్కటే పడుతోంది. గాజులు లేవు, జడ లేదు, పక్కన కళ్లు తుడుచుకుంటున్న వాళ్లమ్మ లేదు. ఆఖరికి 18-55తోనే ఆ గది మొత్తం తీశాను. ఈఎంఐ మాత్రం ఏడాది కట్టాను.

మన ఇళ్లు, మన పెళ్లి గదులు చూసుకుంటే ఏపీఎస్-సీ కెమెరాకి మొదటి పోర్ట్రెయిట్ లెన్స్ 50 ఎంఎం, ఎఫ్ 1.8. పొందూరులో ఆ మామ్మగారి గదిలో కూడా అదే పనికొచ్చింది. గుమ్మం దాకా వెనక్కి జరిగి తీసి చూపిస్తే, ఈసారి ముక్కు గురించి ఏమీ అనలేదు. "ఒక కాపీ పంపు" అన్నారు. కొత్తది పది నుంచి ఇరవై వేల మధ్య, కంపెనీని బట్టి. సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువ. ఆరుబయట, తోటల్లో, బీచ్‌లో ఎక్కువ తీసేవాళ్లకి 85.

ఎఫ్ 1.8 ఉంది కదా అని ఎప్పుడూ దాని మీదే పెట్టకండి. 50 ఎంఎంతో రెండు మీటర్ల దూరంలో ఎఫ్ 1.8కి ఫోకస్ లోతు సుమారు 11 సెంటీమీటర్లు. పర్వాలేదు. ఒక మీటరు దగ్గరికి వచ్చారా, మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఒక కన్ను ఫోకస్‌లో ఉంటే రెండో కన్ను ఉండదు. అప్పుడు ఎఫ్ 2.8కో, 4కో వెళ్లండి. ఫోన్‌లో అయితే పోర్ట్రెయిట్ మోడ్‌లో 2ఎక్స్ లేదా 3ఎక్స్ నొక్కి, రెండడుగులు వెనక్కి నడవండి. బ్లర్ సాఫ్ట్‌వేర్ ఇస్తుంది, ముఖం ఆకారం మాత్రం మీ అడుగులే ఇవ్వాలి.

ఇంకో రకం పోర్ట్రెయిట్ ఉంది, మన విజయనగరంలోనే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. పూజారిగారు సిరిమాను చివర, ఆకాశంలో కూర్చుని, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతారు. కింద లక్షల్లో జనం. మీరు ఒకచోట ఇరుక్కున్నారంటే అక్కడే. ముందుకీ వెళ్లలేరు, వెనక్కీ రాలేరు. దూరం మీ చేతిలో లేనప్పుడు జూమ్ కావాలి. 55-250 చాలు. ఆ జనంలో లెన్స్ మార్చాలని చూడకండి, సెన్సర్ మీద పసుపూ కుంకుమా పడతాయి. పొద్దు వాలేకొద్దీ వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఐఎస్ఓ పెంచడానికి భయపడొద్దు. కొంచెం గరుకుగా ఉన్న ఫొటోని సరిచెయ్యొచ్చు, కదిలిపోయిన ఫొటోని సరిచెయ్యలేం.

మాక్రో: నీడ పడని దూరం

ఇప్పుడు చిన్న ప్రపంచం. తొలకరి పడగానే మట్టి మీద ఎర్రగా, మఖమల్ గుడ్డ ముక్కలా పాకే ఆరుద్ర పురుగు గుర్తుందా? చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకునేవాళ్లం. దాని పొడవు సెంటీమీటరు అటూ ఇటూ. దాన్ని తియ్యాలంటే మామూలు లెన్స్ దగ్గరగా ఫోకస్ అవ్వదు. అదే మాక్రో లెన్స్ ప్రత్యేకత, దగ్గరగా ఫోకస్ అవుతుంది. అసలైన మాక్రో లెన్స్ మీద 1:1 అని ఉంటుంది. అంటే సెంటీమీటరు పురుగు సెన్సర్ మీద కూడా సెంటీమీటరే పడుతుంది. కొన్ని జూమ్ లెన్సుల మీద కూడా మాక్రో అని రాస్తారు. 1:1 ఉందో లేదో చూసుకోండి. చాలా వాటిలో నాలుగో వంతు, మూడో వంతు మాత్రమే ఉంటుంది.

మాక్రో లెన్సులు 60 ఎంఎంలో ఉంటాయి, 90, 100, 105లో ఉంటాయి. అన్నీ 1:1 అయితే తేడా ఏంటి? మళ్లీ దూరమే. 1:1 దగ్గర 60 ఎంఎం లెన్స్ ముందు భాగానికీ పురుగుకీ మధ్య మిగిలేది పది సెంటీమీటర్ల లోపే. లెన్స్ నీడ పురుగు మీద పడుతుంది, తూనీగ అయితే ఎగిరిపోతుంది. 100 ఎంఎంతో 13 నుంచి 15 సెంటీమీటర్ల దాకా జాగా ఉంటుంది. వినడానికి నాలుగైదు సెంటీమీటర్లే, కానీ పురుగు విషయంలో అదే పెద్ద మైదానం. అందుకే కదిలే వాటికి 90 నుంచి 105. కదలని వాటికి, పువ్వులు, నగలు, పొందూరు నూలు పోగులు, వీటికి 60 కూడా బాగుంటుంది.

డబ్బు తక్కువ ఉంటే? ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొనండి. ఖాళీ గొట్టాలు, లోపల అద్దం ఏమీ ఉండదు. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య పెడితే లెన్స్ ముందుకి జరిగి దగ్గరగా ఫోకస్ అవుతుంది. 50 ఎంఎం లెన్స్ వెనక 50 ఎంఎం ట్యూబు పెడితే ఇంచుమించు 1:1 వచ్చేస్తుంది. ఆటోఫోకస్ కనెక్షన్ ఉన్న ట్యూబులే తీసుకోండి. అవి లేనివి చవక, కానీ చాలా లెన్సుల్లో అపర్చర్ మార్చుకోలేరు. ట్యూబులతో దూరం బాగా తగ్గిపోతుంది, అది వాటి లోపం. పురుగు ఓపిక మీద ఆధారపడాలి.

మాక్రోలో కొత్తవాళ్లు ఏడ్చేది ఫోకస్ లోతు దగ్గర. 1:1లో ఎఫ్ 8 పెట్టినా లోతు మిల్లీమీటరు కూడా ఉండదు. కళ్లు ఫోకస్‌లో ఉంటే కాళ్లు ఉండవు. కాబట్టి పురుగు పక్కకి తిరిగినప్పుడు, దాని ఒళ్లు సెన్సర్‌కి సమాంతరంగా ఉన్నప్పుడు తియ్యండి. ఫోకస్ రింగ్ తిప్పడం మానేసి, మీరే ఊపిరి బిగబట్టి ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊగండి. ఇంకోటి, 1:1 దగ్గర సెన్సర్‌కి చేరే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాష్ తప్పదు. ఫ్లాష్ ముందు తెల్లటి టిష్యూ పేపరో, పాల ప్యాకెట్ లాంటి తెల్ల ప్లాస్టిక్కో కట్టండి, వెలుతురు మెత్తబడుతుంది.

అన్నిటికంటే మంచి చిట్కా, తెల్లవారుజామున వెళ్లండి. మంచు పట్టిన తూనీగ ఒళ్లు వేడెక్కేదాకా ఎగరలేదు. కదలకుండా కూర్చుంటుంది. కొంతమంది పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి, జిగురు అంటించి తీస్తారు. వద్దు. తేలినీలాపురం పెద్దాయన మాట పురుగుకీ వర్తిస్తుంది.

ఫోన్లలో? రెండు మెగాపిక్సెళ్ల మాక్రో కెమెరా అని అమ్మే ఫోన్లలో దాని మీద ఆశ పెట్టుకోకండి. అల్ట్రావైడ్ కెమెరాతో ఆటోఫోకస్ మాక్రో ఇచ్చే ఫోన్లు నయం. కానీ అవి పురుగుకి మూడు నాలుగు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లాలి. మళ్లీ నీడ సమస్య. పక్క నుంచి ఒక తెల్ల కాగితంతో వెలుతురు తిప్పి కొట్టండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

మన బడ్జెట్లలో సెకండ్ హ్యాండ్ తప్పు కాదు. కానీ మనది సముద్రం పక్క జిల్లాలు. గాలిలో తేమ ఎక్కువ. లెన్స్ లోపల బూజు పడుతుంది. కొనే ముందు లెన్స్‌ని వెలుతురుకి ఎత్తి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చ్ వేసి, రెండో వైపు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే దాన్ని అక్కడే వదిలెయ్యండి, ఎంత తక్కువకి ఇచ్చినా సరే. నాలుగు ధూళి రేణువులు ఉంటే పర్వాలేదు. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి. బీరువాలో, తోలు సంచిలో నెలల తరబడి వదిలెయ్యకండి. వాడుతూ ఉండే లెన్స్‌కి బూజు తక్కువ పడుతుంది.

ఇంకోటి, మీ కెమెరాతో పెట్టి ఆటోఫోకస్ అవుతుందో లేదో షాపులోనే చూడండి. కొన్ని పాత లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు, కెమెరాలో ఉండాలి. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఆ మోటార్ లేదు. అలాంటి లెన్స్ కొంటే చేత్తో తిప్పుకోవడమే.

ఇప్పుడు తమ్ముడి లెక్క

తమ్ముడూ, గజపతినగరం, ఉన్నావా? నీ మూడు కోరికల్లో డబ్బు తెచ్చేది ఒకటే, పెళ్లిళ్లు. దానితో మొదలుపెట్టు. నీ కెమెరాకి సరిపోయే 50 ఎంఎం ఎఫ్ 1.8. రెండోది, బాగా చూసి కొన్న సెకండ్ హ్యాండ్ 55-250 లేదా 70-300, స్టెబిలైజేషన్ ఉన్నది. కొంగలకి, పెలికాన్లకి, సిరిమానుకి, పెళ్లి మండపంలో దూరం నుంచి తీసే ఫొటోలకి అదే. మూడోది, ఆటోఫోకస్ కనెక్షన్ ఉన్న ట్యూబులు ఒక సెట్టు. నీ 50 ఎంఎంకే అది మాక్రో అవుతుంది. ధరలు కంపెనీని బట్టి మారతాయి గానీ, వెతుక్కుంటే ఈ మూడూ నీ 40 వేలలో పడతాయి, ఎంతో కొంత మిగులుతుంది కూడా.

ఆ మిగిలింది ఖర్చు పెట్టకు. విశాఖలో పెద్ద లెన్సులు రోజు అద్దెకి దొరుకుతాయి. ఒక శనివారం, ఆదివారం 150-600 అద్దెకి తీసుకుని తేలినీలాపురం వెళ్లు. ఆ బరువు మొయ్యగలవా, పొద్దున్నే లేవగలవా, గంటల తరబడి ఒకచోట కూర్చోగలవా, అన్నీ తెలుస్తాయి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే, పెళ్లిళ్ల డబ్బుతో నువ్వే కొనుక్కుంటావు. అమ్మ మళ్లీ చీటీ పాడక్కర్లేదు.

కొనే ముందు ఒక పని చెయ్యి, ఖర్చు లేనిది. ఈ నెల రోజులు నువ్వు తీసే ప్రతి ఫొటో దగ్గర, ఎంత దూరంలో నిలబడ్డావో ఫోన్ నోట్స్‌లో రాసుకో. పది అడుగులు, ముప్పై అడుగులు, జానెడు. నెలాఖరికి ఆ లిస్టు చూస్తే నీకు ఏ లెన్స్ కావాలో అదే చెప్తుంది, నేను చెప్పక్కర్లేదు, షాపువాడు అసలే చెప్పక్కర్లేదు.

మిగతా అందరికీ కూడా అదే హోంవర్క్. ఒక్కటి మాత్రం మర్చిపోకండి. లెన్స్ చాలనప్పుడు పువ్వు దగ్గరికి నడవండి, మనిషి దగ్గరికి అడిగి నడవండి. గూటి దగ్గరికి మాత్రం నడవొద్దు. అక్కడ పక్షిని చిన్నగానే తియ్యండి. చుట్టూ చెట్టు, ఊరు, ఆకాశం కూడా ఫొటోలోకి వస్తాయి. నేను రెండోసారి వెళ్లినప్పుడు అలాగే తీశాను, వాచ్ టవర్ మీద నుంచి, అదే 55-250తో. పాతికేళ్ల తర్వాత ఎవరైనా చూస్తే, కొంగ ఎలా ఉంటుందో ఒక్కటే కాదు, ఎక్కడ బతికిందో కూడా తెలుస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో తక్కువ వెలుతురులో ఐఎస్ఓ ఎలా పెట్టుకోవాలో మాట్లాడుకుందాం. ఉంటాను మరి, జాగ్రత్త.